నీకూ ఒక గ్లవ్ కొనుక్కో

చిరంజీవికి బాబాయి ఆశీస్సులు.

చిన్నోణ్ణి లిటిల్ లీగ్‌లో, అదే పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో, చేర్పించావట. "మనకు తెలిసింది క్రికెట్టే కదా, బేస్‌బాల్‌లో వాడికి నేనేం నేర్పుతాను" అని టెన్షన్ పడుతున్నావని మీ పిన్ని చెప్పింది. నేర్పడానికి కోచ్ ఉన్నాడు. నీ పని వేరే.

ముందు నీకూ ఒక గ్లవ్ కొనుక్కో. మనవాళ్లు చాలామంది పిల్లాడికి మాత్రం కొనిచ్చి, తాము ఫోన్ పట్టుకుని ఫెన్స్ అవతల నిలబడతారు. కుడిచేత్తో విసిరేవాళ్లు గ్లవ్‌ని ఎడమచేతికి వేసుకోవాలి. కొత్త తోలు గట్టిగా ఉంటుంది. లోపల బంతి పెట్టి, మూసి, రబ్బరు బ్యాండ్లు బిగించి రాత్రంతా వదిలేస్తే కాస్త గుంట పడుతుంది. బంతి ఛాతీకి పైన వస్తే గ్లవ్ వేళ్లు పైకి, నడుముకు కింద వస్తే నేలవైపు ఉండాలి. క్రికెట్ అలవాటుకొద్దీ నువ్వు రెండు చేతులూ దోసిలి పట్టేస్తావు, వాడు నవ్వుతాడు. నవ్వనీ. వాడి దగ్గరే నేర్చుకో. నాన్నకే నేర్పుతున్నానన్న గర్వం వాడికి బోలెడు ఉత్సాహాన్నిస్తుంది.

సాయంత్రం భోజనానికి ముందు ఓ పావుగంట బ్యాక్‌యార్డ్‌లో బంతి విసురుకోండి. ఎదురుగా కూర్చోబెట్టి "స్కూల్లో ఏమైందిరా" అంటే "ఏం లేదు" అనే పిల్లాడే, బంతి అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగేసరికి తనంతట తనే మొదలుపెడతాడు. ఇద్దరి చూపూ బంతి మీదే ఉంటుంది కాబట్టి బెరుకుండదు. వెంటనే సలహాలు మొదలుపెట్టకు. బంతి తిరిగి వెయ్యి, ఇంకా చెప్తాడు.

బేస్‌బాల్ దిగ్గజం మిక్కీ మాంటిల్ పేరు వినే ఉంటావు. ఓక్లహోమాలో సీసం, జింకు గనుల్లో పనిచేసే వాళ్ల నాన్న కుడిచేత్తో, తాత ఎడమచేత్తో బంతులు వేసి అతన్ని కుడి, ఎడమ రెండువైపులా నిలబడి కొట్టేవాడిగా తయారుచేశారు. గ్రిఫీ తండ్రీకొడుకులైతే 1990 సెప్టెంబర్‌లో ఒకే జట్టులో ఆడుతూ వరసగా హోమ్ రన్లు (మన సిక్సర్ లాంటివి) కొట్టారు. అయితే సెసిల్ ఫీల్డర్, ప్రిన్స్ ఫీల్డర్ అనే తండ్రీకొడుకుల కథ కూడా గుర్తుపెట్టుకో. అమెరికాలో అగ్రశ్రేణి లీగైన మేజర్ లీగ్‌లో తండ్రివి 319 హోమ్ రన్లు, కొడుకువీ సరిగ్గా 319. మరి ఇద్దరి మధ్యా ఏళ్లతరబడి మాటల్లేవు.

అందుకే మ్యాచ్ అయ్యాక కార్లో స్ట్రైకవుట్ (బంతిని మూడుసార్లు కొట్టలేక అవుటవడం) ఊసెత్తకు. వాడే ఎత్తితే విను. పదిసార్లు బ్యాటింగ్‌కి వెళ్లి మూడుసార్లు హిట్ కొడితే గొప్ప బ్యాటర్ అనిపించే ఆట ఇది. మనవాళ్లకు దేంట్లోనైనా ర్యాంకు కావాలి కదా, ఆ జబ్బు ఇక్కడికి తేకు. అదనపు కోచింగ్ అంటూ చేతినొప్పి తెప్పించకు. తొమ్మిది, పదేళ్ల పిల్లలు రోజుకు 75 పిచ్‌లు, అంటే బ్యాటర్‌కి వేసే బంతులు, దాటకూడదని లిటిల్ లీగే నిబంధన పెట్టింది.

పద్నాలుగో ఏటో పదిహేనో ఏటో ఆట మానేస్తానంటాడేమో. మాననీ. గ్లవ్‌లు మాత్రం కారు డిక్కీలోనే ఉంచు. మేజర్ లీగ్‌లో సీజన్‌కు ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడుతుంది కాబట్టి, రేపు వాడు కాలేజీకి వెళ్లాక ఫోన్లో ఏం మాట్లాడాలో తోచకపోతే "నిన్న మ్యాచ్ చూశావా" అంటే చాలు. 2016లో 108 ఏళ్ల తర్వాత షికాగో కబ్స్ జట్టు మేజర్ లీగ్ ఫైనలైన వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు, వాళ్ల సొంత మైదానం రిగ్లీ ఫీల్డ్ గోడల మీద జనం సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఆ గెలుపు చూడకుండానే పోయిన నాన్నల పేర్లు, తాతల పేర్లు ఎన్నో ఉన్నాయి వాటిలో.

అన్నయ్య జూన్‌లో వస్తున్నాడుగా, ఆయన్నీ మ్యాచ్‌కి తీసుకెళ్లు. రేడియో కామెంటరీ వింటూ నోటుబుక్కులో స్కోరు రాసుకున్న మనిషి, స్కోర్‌కార్డూ పెన్సిలూ చేతికిస్తే వదలడు. ఫీల్డర్ల స్థానాలకు నంబర్లుంటాయి: షార్ట్‌స్టాప్ 6, సెకండ్ బేస్ 4, ఫస్ట్ బేస్ 3. బంతి ఆ వరసలో వెళ్లి డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు అవుట్) అయితే 6-4-3 అని రాయాలి. బ్యాట్ ఊపకుండా నిలబడి మూడో స్ట్రైక్‌కి అవుటైతే స్ట్రైకవుట్‌కి గుర్తైన ఇంగ్లిష్ 'కె' అక్షరాన్ని తిరగేసి రాస్తారు. ఇవన్నీ నువ్వు చెప్పకు, మనవడితో చెప్పించు. టికెట్లు నీడ పడే వైపు చూసి తీసుకో, ఆయనకి ఎండ పడదు.

మీ బాబాయి