చన్నీళ్లలో మెటల్ డిటెక్టర్ పట్టేవాళ్లకి ఏ వెట్‌సూట్?

వేసవి జనం సర్దుకున్నాక బీచ్‌లు ఖాళీ అవుతాయి. చన్నీళ్లకి వేళ్లు సన్నబడి జారిపోయిన ఉంగరాలు నడుం లోతులో ఇసుక కింద పడుంటాయి. శరదృతువు గాలులు ఆ ఇసుకని కోసేసి వాటిని పైకి తెస్తాయి. డిటెక్టర్ చేతిలో ఉన్నవాడికి ఇంతకంటే మంచి అదును ఉండదు. చిక్కల్లా నీళ్లతోనే. ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెట్‌సూట్ (చన్నీళ్లలో ఒంటికి అతుక్కునేలా వేసుకునే రబ్బరు సూట్) గురించే అడిగారు కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం.

ప్ర: వేసవంతా మిషిగన్ సరస్సులో వెతికాను. సెప్టెంబరు చివర్లో నడుం లోతులో అరగంట కూడా నిలవలేకపోయాను. దుకాణంలో 3/2 మందం చాలన్నారు, తోటివాళ్లు 7 కొనమంటున్నారు. ఎవరి మాట వినాలి? (మిల్వాకీ నుంచి ఒక పాఠకుడు)

జ: ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. దుకాణంలో గోడకి తగిలించే పట్టిక సర్ఫింగ్ వాళ్ల కోసం వేసింది. వాళ్ల చేతులు ఆడుతూనే ఉంటాయి, ఒంట్లో వేడి పుడుతూనే ఉంటుంది. డిటెక్టర్ పట్టినవాడు కొంగలా నిలబడతాడు. రెండడుగులు వేస్తాడు, ఆగుతాడు, తవ్వుతాడు, మళ్లీ ఆగుతాడు. అందుకే ఆ పట్టికలో మీకు తగిలిన అంకెకి ఒక మెట్టు పైది కొనాలి.

అంకెల సంగతి: 5/4 అంటే మొండెం దగ్గర 5 మిల్లీమీటర్లు, చేతులకీ కాళ్లకీ 4. ఆ మెట్టు పెంచేశాక లెక్క ఇది. నీళ్లు 70 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంటే 3/2తో గంటన్నర నెట్టుకురావచ్చు. 62 నుంచి 70 వరకు 4/3. 55 నుంచి 62 వరకు 5/4, దానికి తోడు హుడ్ (తలా చెవులూ కప్పే టోపీ), బూట్లు. 48 నుంచి 55 వరకు 6/5 గానీ 7 గానీ, హుడ్‌తో పాటు 5 మి.మీ. గ్లవ్స్. అంతకంటే కిందికి పోతే వెట్‌సూట్‌తో పోరాడటం మానేసి డ్రైసూట్ (లోపలికి నీరు రానివ్వని సూట్) సంగతి చూడండి. మీరు అక్టోబరు దాకా ఆడతామంటే 5/4 చాలు. నవంబరులోనూ, మళ్లీ మేలోనూ దిగాలంటే 7.

సూట్‌లోకి చేరిన నీరు ఒంటిని వెచ్చగా ఉంచుతుందని చాలామంది అనుకుంటారు. వెచ్చదనం ఇచ్చేది నీరు కాదు, సూట్ కుట్టే నియోప్రీన్ రబ్బరులో ఉన్న వాయు బుడగలు. లోపలి నీరు పల్చటి పొరగా కదలకుండా ఉంటే చాలు, ఒంటి వేడికి అదే వెచ్చబడుతుంది. ఆ నీరు బయటికి పోయి కొత్త చన్నీళ్లు వచ్చిన ప్రతిసారీ మీ వేడి ఖర్చవుతుంది. వదులైన 7 మి.మీ. సూట్ కంటే ఒంటికి అతుక్కున్న 5 మి.మీ. సూట్ వెచ్చగా ఉండేది ఇందుకే.

మీ సరస్సుకో పాడు గుణం ఉంది. గాలి ఒడ్డు నుంచి లోపలికి గట్టిగా వీస్తే పైనున్న వెచ్చటి నీరు కొట్టుకుపోయి, అడుగునున్న చన్నీరు ఒడ్డుకి ఎగదన్నుతుంది. నిన్న హాయిగా ఉన్న చోటే ఇవాళ పళ్లు టకటకలాడతాయి. నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) వాళ్ల బోయాలు, అంటే నీటి మీద తేలే కొలత పరికరాలు, చూపించేది ఒడ్డుకి దూరంగా ఉన్న నీటి లెక్క. వంటింటి థర్మామీటర్‌ని దారానికి కట్టి, మీరు దిగే చోటే మోకాలి లోతులో ముంచి చూసుకోండి.

ప్ర: విచిత్రంగా, నీళ్లలో ఉన్న కాళ్ల కంటే బయట ఉన్న భుజాలకే ఎక్కువ చలేస్తోంది. సూట్ పాడైందా? (షికాగో)

జ: సూట్‌కేమీ కాలేదు. దానిపైన నైలాన్ గుడ్డ అంటించి ఉంటుంది. అది తడిని పట్టుకుంటుంది, గాలి ఆ తడిని ఆరబెడుతుంది, ఆరేటప్పుడు మీ వేడిని లాక్కుపోతుంది. కుండలో నీళ్లు చల్లబడే పద్ధతే ఇది. పూర్తిగా మునిగి ఉండే డైవర్‌కి ఈ బాధ లేదు, సగం బయట ఉండే మీకే. ఛాతీకీ వీపుకీ నున్నటి రబ్బరు పైపొర ఉన్న సూట్ దొరికితే తీసుకోండి. నీరు దాని మీద నిలవదు. కాకపోతే గోరు తగిలినా చిరుగుతుంది, మోకాళ్లకీ మోచేతులకీ అది వద్దు. ఉన్న సూట్‌తోనే నడిపించాలంటే పైన పల్చటి రెయిన్ జాకెట్ వేసుకోండి. చవగ్గా అయిపోతుంది, గాలి ఆగిపోతుంది.

దీనికి ఇంకో మంచి ఉపాయం ఫార్మర్ జాన్. చేతుల్లేని ఓవరాల్, దానిపైన జాకెట్. రెండూ 7 అయితే మొండెం మీద 14 మి.మీ. పడుతుంది, కాళ్ల దగ్గర మాత్రం 7. నీళ్లు వెచ్చబడ్డాక జాకెట్ ఇంట్లో పెట్టి వెళ్లొచ్చు. జాకెట్ చంకల దగ్గర బిగుతుగా ఉంటే మాత్రం స్వింగ్ చేసే చెయ్యి గంటలో మొద్దుబారిపోతుంది. దుకాణంలోనే చెయ్యి చాచి, డిటెక్టర్ పట్టినట్టు యాభైసార్లు అటూ ఇటూ ఊపి చూడండి. ఎవరేమనుకున్నా సరే.

ప్ర: న్యూజెర్సీ సముద్రంలో 7 మి.మీ. సూట్‌తో దిగాను. చలి లేదు గానీ ఛాతీ లోతుకి వెళ్లేసరికి బెండు ముక్కలా తేలిపోతున్నాను. స్కూప్ (ఇసుక తవ్వి జల్లించే చిల్లుల పార) మీద కాలు పెట్టి తొక్కితే నేనే పైకి లేస్తున్నాను. (ఎడిసన్)

జ: బుడగలతో నిండిన రబ్బరు తేలక ఏం చేస్తుంది! పైగా ఉప్పునీరు మంచినీటి కంటే ఎక్కువ తేలుస్తుంది. డైవర్లు కట్టుకునే సీసం బరువుల బెల్ట్ కొనండి. అల లేని రోజున, తోడు ఎవరైనా ఉండగా ఛాతీ లోతులో నిలబడి 4 పౌండ్లతో మొదలుపెట్టండి. మడమలు నేలకి ఆని, స్కూప్ తొక్కినప్పుడు ఒళ్లు లేవకుండా ఉండేదాకా రెండేసి పౌండ్లు పెంచండి. అక్కడితో ఆపండి. మునిగే డైవర్‌కి కావలసినంత బరువు నిలబడేవాడికి అక్కర్లేదు. అదే సూట్‌తో సరస్సుకి వెళ్తే బరువు తగ్గించుకోవాలి.

బెల్ట్ బకుల్ ఒక్క చేత్తో లాగితే ఊడిపోయేది అయ్యుండాలి. దాని మీదుగా పిన్‌పాయింటర్ (వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చేతి డిటెక్టర్) తాడు గానీ, దొరికినవి వేసుకునే సంచి పట్టీ గానీ వెళ్లకూడదు. అల కాళ్ల కింద నేల లాగేసినప్పుడు బెల్ట్ ఊడకపోతే మిమ్మల్ని తేల్చాల్సిన సూటే పనికిరాకుండా పోతుంది. ఒడ్డున కళ్లు మూసుకుని పదిసార్లు ఊడదీయడం అలవాటు చేసుకోండి. గ్లవ్స్ వేసుకునే.

ప్ర: ఛాతీకి సరిపడే సైజు తీసుకుంటే పొట్ట దగ్గర ఊపిరాడదు. పొట్టకి సరిపడేది తీసుకుంటే కాళ్లూ నడుం వదులు. మనవాళ్ల ఒళ్లకి సూట్లు కుట్టరా? (సియాటిల్)

జ: నవ్వొచ్చినా నిజమైన బాధే. మీ ప్యూజెట్ సౌండ్ నీళ్లు ఏడాది పొడవునా 45-55 మధ్యే తిరుగుతుంటాయి, అక్కడ వదులు సూట్ అస్సలు పనికిరాదు. ముందు సైజుల పట్టికలో ఎత్తు తక్కువ, చుట్టుకొలత ఎక్కువ ఉన్నవాళ్లకిచ్చే పొట్టి రకాలు వెతకండి. చాలా కంపెనీలు చేస్తాయి, దుకాణాల్లో మాత్రం వేలాడదీయరు, అడగాలి. ఫార్మర్ జాన్ అయితే ఓవరాల్ ఒక సైజు, జాకెట్ ఒక సైజు విడిగా కొనుక్కోవచ్చు. అదీ కుదరకపోతే కొలతలిచ్చి కుట్టించుకోవడమే.

వేసుకున్నాక చూడాల్సినవి: గొంతుక్కూర్చోండి, లేవండి. నడుం వెనక గుంటలో సూట్ ఉబ్బి లేచిందంటే అక్కడ నీళ్లు చెరువులా నిలుస్తాయి. వంగి తవ్వేవాడికి సూట్ మొదట ఓడిపోయేది అక్కడే. చంకల్లోనూ తొడల మధ్యా ఖాళీ ఉండకూడదు. మెడ దగ్గర ఒక వేలు కష్టంగా దూరాలి, మింగితే గుటక పడాలి. పొడిగా ఉన్నప్పుడు కొంచెం ఇబ్బందిగా అనిపించేదే సరైన సైజు, తడిస్తే సాగుతుంది.

అతుకులూ చూడండి. కుట్టు ఉన్న చోట గుడ్డని వెలుతురుకి పట్టి లాగండి. సూది రంధ్రాల్లోంచి వెలుగు కనబడితే అది వెచ్చటి నీళ్ల సూట్. ఎంత మందం రాసి ఉన్నా పక్కన పెట్టండి. అంచులు జిగురుతో అంటించి, సూది అవతలి వైపుకి రాకుండా కుట్టినవే చన్నీళ్లకి.

ప్ర: కొత్త బూట్లు వేసుకున్నప్పటి నుంచీ ప్రతి అడుగుకీ డిటెక్టర్ అరుస్తోంది. (క్లీవ్‌లాండ్)

జ: బూట్ల జిప్పు లోహం అయ్యుంటుంది, లేదా తాడు దూర్చే రింగులు. అడుగున ఉక్కు రేకు ఉన్న బూట్లు కూడా ఉంటాయి. కొనేముందు కాయిల్ (డిటెక్టర్ కింద ఉండే గుండ్రటి పళ్లెం) దగ్గరికి బూటుని తెచ్చి చూడటమే పరీక్ష. ప్లాస్టిక్ జిప్పు, లేదా అసలు జిప్పే లేనిది తీసుకోండి. అడుగు మాత్రం గట్టిగా ఉండాలి, లేకపోతే రోజంతా స్కూప్ తొక్కిన పాదం మధ్యలో కందిపోతుంది. పల్చటి నియోప్రీన్ సాక్సుతో వేసుకుని సైజు చూడండి. వేళ్లు కదలకపోతే రక్తం ఆడదు, అప్పుడు 7 మి.మీ. కూడా వెచ్చగా ఉండదు.

గ్లవ్స్ విషయంలో రెండు చేతులకీ ఒకే మందం ఉండాలని ఏముంది? డిటెక్టర్ పట్టే చేతికి 5 మి.మీ. వేసుకుని, స్కూప్‌లో గులకరాళ్ల మధ్య ఉంగరాన్ని తడమాల్సిన చేతికి 3 మి.మీ. వేసుకోండి. అరచెయ్యి వైపు గట్టి గుడ్డ ఉండాలి. మీ ఈరీ సరస్సులో చేపల గాలాలూ గాజుముక్కలూ తక్కువేం కాదు. దిగేముందు ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి నీళ్లు గ్లవ్స్‌లో, బూట్లలో పోసుకుంటే మొదటి పావుగంట సుఖంగా గడుస్తుంది. మరిగే నీళ్లు కాదు సుమా.

ప్ర: హుడ్ వేసుకుంటే హెడ్‌ఫోన్‌లో సన్నటి సిగ్నళ్లు వినబడటం లేదు. హుడ్ తీసేస్తే తల బద్దలవుతోంది. (బోస్టన్)

జ: హుడ్ తీయకండి. చన్నీళ్లు చెవిలోకి పోతే తల తిరుగుతుంది, అల వచ్చే వేళ అది ప్రమాదం. ఏళ్ల తరబడి అలా చేస్తే చెవి దారిలో ఎముక పెరిగి దారే సన్నబడుతుంది. 5 మి.మీ. హుడ్‌కి బదులు 3 మి.మీ. తీసుకుని, హెడ్‌ఫోన్ దాని లోపల కాక బయట, చెవి మీద గట్టిగా ఆనేలా పెట్టి చూడండి. డిటెక్టర్ శబ్దం ఒక గీత పెంచండి, టోన్‌ని కాస్త బొంగురు వైపుకి మార్చండి. మందపాటి నియోప్రీన్ కీచు శబ్దాల్నే ముందు మింగేస్తుంది.

ప్ర: వెట్‌సూట్ ఎందుకు, చేపలు పట్టేవాళ్ల వేడర్లు (బూట్లతో కలిపి ఛాతీ దాకా వచ్చే నీరు చొరని ప్యాంట్లు) చాలవా? (డెట్రాయిట్)

జ: తొడల లోతు వరకు, అల లేని చోట చాలు. నడుం దగ్గర బెల్ట్ బిగించుకోండి. నీళ్లు నిండితే వేడర్లు అడుక్కి లాగేస్తాయన్నది వట్టి మాట, నీళ్లలో నీళ్లకి బరువుండదు. కానీ ఆ నీళ్లతో కాలు కదపలేరు, ఒడ్డెక్కలేరు. వంగి తవ్వేవాడికి పైఅంచు ఎప్పుడో ఒకప్పుడు మునుగుతుంది.

ఏది వేసుకున్నా ఇది మర్చిపోకండి. నీళ్లలో ఉండగా ప్రతి పది నిమిషాలకీ బొటనవేలుతో చిటికెనవేలి కొసని తాకి చూడండి. తాకలేకపోతే ఆ రోజుకి ఆట ముగిసినట్టే. ఆ వేళ్లు ఇంక బెల్ట్ బకుల్ కూడా తీయలేవు. ఒడ్డెక్కాక కూడా కొంతసేపు ఒంటి లోపలి వేడి దిగుతూనే ఉంటుంది. తడి బట్టలు మార్చుకుని, వెచ్చటిది ఏదైనా తాగి, వణుకు తగ్గాకే కారు తీయండి.

ప్ర: విశాఖలో డిటెక్టర్ పడదామనుకుంటున్నా. ఏ సూట్ కొనాలి? (విశాఖపట్నం)

జ: మన సముద్రం చలికాలంలోనూ 25 సెల్సియస్‌కి అటూ ఇటూగా ఉంటుంది. వెట్‌సూట్ వేస్తే ఉడికిపోతారు. ఎండకీ జెల్లీఫిష్‌కీ పొడుగు చేతుల రాష్‌గార్డ్ (నీళ్లలో వేసుకునే పల్చటి బిగుతు చొక్కా) చాలు. మీరు ముందు తెలుసుకోవాల్సింది 1878 నాటి నిధుల చట్టం. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు ఏది దొరికినా, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలంటుంది అది.

ప్ర: స్కూప్ అంచు తగిలి మోకాలి దగ్గర రెండంగుళాలు చిరిగింది. దారంతో కుట్టేయనా? (మళ్లీ ఎడిసన్)

జ: దారంతో కుడితే సూది వేసిన ప్రతి రంధ్రం కారుతుంది. ముందు మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. నియోప్రీన్ సిమెంట్‌ని చిరుగు రెండు అంచులకీ పల్చగా పూయండి. అయిదు పది నిమిషాలు ఆగండి. వేలికి జిగురు అంటకుండా, వేలు మాత్రం పట్టుకుంటున్నట్టు అనిపించాక రెండో పూత. మళ్లీ అంతే ఆగి, అంచుకి అంచు కలిపి గట్టిగా నొక్కండి. తొందరపడి తడిగా ఉండగానే అతికిస్తే ఊడిపోయేది అందుకే. ఒక రోజంతా నీళ్లకి దూరంగా ఉంచి, మోకాలు కాబట్టి పైన మోకాలి ప్యాడ్ ఒకటి తొడుక్కోండి. తవ్వేటప్పుడు స్కూప్‌ని కాళ్ల మధ్యకి కాక పక్కకి లాగితే ఈ చిరుగు రెండోసారి రాదు.