మీ ప్రశ్న, మా మాట: బాకీ, ప్రసాదం, ఫొటో, మిరపకోత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో బైబిలు వాక్య వివరణ అడిగినవాళ్ళు తక్కువ. ఇంట్లో, అంగడిలో, చేన్లో ఎదురైన చిక్కు చెప్పుకున్నవాళ్ళే ఎక్కువ. నాకు అదే సంతోషం. ఆదివారం రెండు గంటలు భక్తిగా కూర్చోవడం ఎవరికైనా వస్తుంది, సోమవారం పొద్దున అప్పు ఇచ్చినవాడు గడపలో నిలబడినప్పుడు ఎలా ఉంటామన్నదే కదా అసలు సంగతి. చోటు తక్కువ కాబట్టి నాలుగిటికే జవాబు రాస్తున్నాను.

మా సంఘంలోనే పాటలు పాడే సహోదరుడు రెండేళ్ళ కింద కూతురి పెళ్ళికని నా దగ్గర లక్షన్నర తీసుకున్నాడు. నోటు రాయించుకున్నా, వడ్డీ వద్దన్నా. ఇప్పటిదాకా పైసా ఇవ్వలేదు. అడిగితే "ప్రార్థన చేయన్నా, దేవుడు దారి తెరుస్తాడు" అంటాడు. ఆదివారం అతను పాట ఎత్తుకుంటే నాకు లోపల మండిపోతుంది. కోర్టుకు పోతే నువ్వేం విశ్వాసివి అంటున్నారు పెద్దలు. – ఒక సోదరుడు, ప్రొద్దుటూరు

తమ్ముడూ, నీ మంట అవిశ్వాసం కాదు. అప్పు చేసి తీర్చనివాణ్ణి 37వ కీర్తన భక్తిహీనుల లెక్కలో వేసింది, కాబట్టి బాకీ అడగడానికి నువ్వు సిగ్గుపడాల్సిన పని లేదు. ప్రార్థన చేయమనడం మంచిదే గానీ, బాకీ మాట దాటేయడానికి ప్రార్థనను అడ్డం పెట్టుకోవడం చాలా తప్పు. బలిపీఠం దగ్గరికి వచ్చాక నీమీద సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే కానుక అక్కడే వదిలేసి ముందు పోయి సమాధానపడమని ప్రభువు చెప్పింది (మత్తయి 5) అతనికి. ఆ మాట అతనికి చెప్పాల్సింది మీ పెద్దలు.

ఇక నువ్వు చేయాల్సింది. మత్తయి 18లో ఉన్నట్టు ముందు ఒంటరిగా పో. చర్చి ఆవరణలో వద్దు, ఫోన్లో వద్దు, అల్లుడు వచ్చి కూర్చున్న రోజు అసలే వద్దు. ద్వితీయోపదేశకాండం 24లో ఒక చక్కని నియమం ఉంది. అప్పిచ్చినవాడు తాకట్టు కోసం బాకీదారుడి ఇంట్లోకి దూరకూడదు, బయటే నిలబడాలి, అతనే తెచ్చివ్వాలి. అప్పు తీసుకున్నంత మాత్రాన ఆ మనిషి మర్యాద నీ చేతికి రాలేదని దానర్థం. ఆ మర్యాద ఇచ్చి, మొత్తం ఎప్పుడిస్తావని కాకుండా నెలకు ఎంత ఇవ్వగలవని అడుగు. రెండు వేలన్నా సరే అను. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తేదీ వేసి, ఎంత ముట్టిందో అతని చేతనే రాయించి సంతకం పెట్టించు. ఇది అపనమ్మకం కాదు, ఇద్దరికీ మేలు. రేపు అతను ఇచ్చానంటే నువ్వు లేదనే తగాదా రాదు. ఇంకొకటి, మామూలు ప్రామిసరీ నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ళు దాటితే కోర్టులో చెల్లదు. గడువు లోపల కొంత చెల్లించి సంతకం పెడితే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు. నీకు రెండేళ్ళు అయిపోయాయి, ఈ సంగతి మరిచిపోవద్దు.

అతని ఇంట్లో నిజంగా ఏమీ లేదనుకో, పని పోయిందో జబ్బు చేసిందో, అప్పుడు నువ్వు ఆగాలి. ఉండి ఇవ్వకపోతే ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని పో. మీ పెద్దలు కోర్టు వద్దని కొరింథీ మొదటి పత్రిక 6వ అధ్యాయం చూపిస్తున్నారు కదా, ఆ అధ్యాయం పూర్తిగా చదవమను. సహోదరుల మధ్య తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడూ లేడా అని ఆ పత్రిక రాసిన పౌలు నిలదీసింది సంఘాన్ని. కోర్టుకు పోవద్దనే పెద్దలు తామే కూర్చుని తేల్చాలి, కూర్చోరు, పోనివ్వరు అంటే అది న్యాయం కాదు. వాళ్ళు కూర్చోకపోతే గడువు దాటకముందు లాయరు నోటీసు ఇవ్వడం పాపమని నేననుకోను. అదే అధ్యాయంలో "అన్యాయం ఎందుకు సహించరు" అన్న మాట కూడా ఉంది, దాన్ని దాచను. కానీ అది నీ అంతట నువ్వు తీసుకునే నిర్ణయం, నీ తరపున ఇంకెవరూ తీసుకోలేరు. వదిలేయాలనిపిస్తే పూర్తిగా వదిలెయ్, అతని ముందే నోటు చించి చేతిలో పెట్టు. ఆ తర్వాత ఆ మాట ఎక్కడా ఎత్తకు. వదిలేశానంటూ ఊరంతా చెప్పుకుంటే అతను జీవితాంతం నీకు బాకీగానే ఉంటాడు.

కడపలో బంగారు అంగడిలో పని చేస్తున్నా. శుక్రవారం పూజయ్యాక ఓనరు గారు అందరికీ ప్రసాదం పెడతారు. మంచి మనిషి, వద్దంటే బాధపడతారేమోనని భయం. తింటే పాపమని మా ప్రార్థన గుంపులో అక్క అంటుంది. నేను తీసుకుని కర్చీఫ్‌లో చుట్టి, పోయేటప్పుడు కాలవలో వేసేస్తున్నా. – ఒక చెల్లెలు

అమ్మా, ఆ కాలవలో వేయడం మాత్రం ఈ రోజే ఆపెయ్. ఆయన రెండు చేతులతో ఇచ్చింది నవ్వుతూ తీసుకుని వెనక పారేయడం నిజాయితీ కాదు, ఎవరన్నా చూసి ఆయనకు చెబితే ఆయన మనసు ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించు.

కొరింథు సంఘంలో అచ్చంగా ఇదే సమస్య వచ్చింది. విగ్రహం ఒట్టిదే, తిండి మనల్ని దేవునికి దగ్గర చేయదు, దూరం చేయదు అంటాడు పౌలు. ఎవరింట్లోనన్నా భోజనానికి పిలిస్తే ఆరాలు తీయకుండా తినమంటాడు. ఇది అర్పించినదని చెప్పి పెడితే మాత్రం తినొద్దంటాడు, చెప్పినవాడి మనస్సాక్షి కోసం. ఆ లెక్కన నువ్వు తీసుకోకపోవడమే నేరుగా ఉంటుందని నా అభిప్రాయం. కానీ చెప్పే తీరు ముఖ్యం. శుక్రవారం అందరి ముందు చెయ్యి వెనక్కి లాక్కోవద్దు. మామూలు రోజున ఆయన ఒక్కరే ఉన్నప్పుడు "సార్, మీరు ప్రేమగా ఇస్తున్నారు, మా ఇంట్లో పెంపకం ఇలా, నన్ను తప్పుగా అనుకోవద్దు" అని ఒక్కసారి చెప్పు. ఉగాది రోజు ముస్లింలు దేవుని కడప గుడికి పోతారు, పెద్ద దర్గాకు అన్ని మతాలవాళ్ళూ పోతారు. ఇలాంటి ఊళ్ళో అంగడి నడిపేవాళ్ళకు మనుషుల నమ్మకాలు తెలియక కాదు. ఒకప్పుడు సిరియా సైన్యాధిపతి నయమాను తన రాజుతో గుళ్ళోకి పోవాల్సి వస్తుందని భయపడితే ఎలీషా ప్రవక్త కేకలేయలేదు, సమాధానంగా పొమ్మన్నాడు. మీ అక్క కూడా తిన్నవాళ్ళకు తీర్పు తీర్చడం మానుకోవాలి, రోమా 14 ఉన్నది అందుకే.

క్రిస్మస్‌కి మా యూత్ తరపున కాలనీలో బియ్యం, నూనె, కందిపప్పు కిట్లు పంచుతాం. దాతలకు చూపించాలి కదా అని ప్రతి ఒక్కరినీ బ్యానర్ ముందు నిలబెట్టి ఫొటో తీసి స్టేటస్ పెడతాం. పోయినసారి ఒక అవ్వ ఫొటో వద్దంటూ కిట్టు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. మేం చేసింది తప్పా? – యూత్ సెక్రటరీ, అనంతపురం

తప్పే, నాయనా. మీ మనసు మంచిదని తెలుసు, చేతి డబ్బు వేసుకుని బస్తాలు మోసే పిల్లలు మీరు. ముందు ఆ అవ్వ ఇంటికి కిట్టు తీసుకుని పోండి, ఇద్దరే పోండి, ఫోన్ జేబులోంచి తీయొద్దు.

దాతలకు లెక్క కావాలంటే బియ్యం అంగడి బిల్లు ఉంది, బస్తాల ఫొటో ఉంది, సంఘపెద్ద సంతకంతో రిజిస్టరు ఉంది. తీసుకున్నవాళ్ళ ముఖాలు లెక్కలోకి రావు. వేరుశనగ పీకాక మీ జిల్లాలో ఆడవాళ్ళు చేన్లలో పరిగె ఏరుకుంటారు కదా, బైబిల్లో రూతు అనే పేద విధవరాలు చేసింది కూడా అదే. ఆమెకు తెలియకుండా కొన్ని పరిగెలు కావాలని వదిలేయమని ఆ చేను యజమాని బోయజు పనివాళ్ళకు చెప్పి పెట్టాడు, ఆమెను గద్దించొద్దన్నాడు. అడిగే బాధ లేకుండా ఆమె ఒడి నిండింది. ఇవ్వడం అలా నేర్చుకోవాలి.

ఇంకో సంగతి కూడా తెలుసుకోండి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగా వచ్చినవాళ్ళకు పని చూపించాడు. కూలి చేసి తినే దారి అది, ఎవరి ముందూ చెయ్యి చాచే అవసరం లేదు. ఆ కరువు పనులు నడిచినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్ళకు ఇవ్వలేదు, బువ్వ కోసం వచ్చారనే మాట రాకూడదని. పనులు ముగిశాకే ఇచ్చాడు. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. పెట్టేటప్పుడు బదులుగా ఏమీ ఆశించకూడదు, ఫొటో కూడా.

మాది కోసిగి పక్క పల్లె. సంక్రాంతి దాటితే ఇంటిల్లిపాదీ గుంటూరు వైపు మిరపకోతలకు పోతాం, ఈస్టర్ దగ్గరికి గానీ రాం. ఆదివారం కూడా కోతే. పిల్లలూ మాతోనే, బడి పోతుంది. పోయేముందు కలిస్తే "శ్రమదినాల్లో (ఈస్టర్ ముందు నలభై రోజులు) చర్చి ఖాళీ చేస్తారు, మీకు డబ్బే దేవుడా" అన్నారు మా అయ్యగారు. ఏడుపొచ్చింది. – ఒక అక్క

అక్కా, డబ్బు దేవుడైనవాళ్ళు పట్ట గుడిసెలో పడుకోరు. తుంగభద్ర అంత దగ్గర్లో పారుతున్నా మీ చేలకు నీళ్ళందవు, పత్తి తీశాక ఊళ్ళో పని ఉండదు, ఈ మూడు నెలల కూలితోనే అప్పు వడ్డీలు, పిల్లల బట్టలు, మళ్ళీ విత్తనాలు. మిరపకోతలో సాయంత్రానికి వేళ్ళు ఎలా మండుతాయో, ఆ చేత్తో చంటిపిల్ల కన్ను తుడిస్తే ఎంత గోల పెడుతుందో అయ్యగారు ఒక్క రోజు చూసుంటే ఆ మాట అనరు. ఆయన మీద కోపం పెట్టుకోవద్దు, ఈ పేజీ ఆయనకు చూపించండి.

విశ్రాంతి దినం ఆజ్ఞ ద్వితీయోపదేశకాండం 5లో ఎలా ఉందో చూడండి. నువ్వూ, నీ కొడుకూ కూతురూ, నీ దాసుడూ దాసీ, నీ ఎద్దూ గాడిదా, నీ ఊళ్ళో ఉన్న పరదేశీ విశ్రాంతి తీసుకోవాలి, నువ్వు ఐగుప్తులో దాసుడివని జ్ఞాపకం చేసుకో, అని. ఇది ముందుగా చేను ఉన్నవాడికి చెప్పిన ఆజ్ఞ. పని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉందో పూచీ కూడా వాళ్ళదే. కిలోల లెక్కన కోసే మీరు ఆదివారం మానేస్తే కూలి పోతుంది, మీ గుంపు మొత్తాన్నే మేస్త్రీ వద్దంటాడు. ఈ పత్రిక గుంటూరు వైపు రైతులు కూడా చదువుతారు, వాళ్ళలో మన విశ్వాసులున్నారు. అయ్యా, మీకు పుణ్యం ఉంటుంది, ఆదివారం కనీసం ఒక పూట కోత ఆపించండి, ఆ పూట కూలి కోయకండి. లెక్క చూసిన రోజే డబ్బు చేతిలో పెట్టండి. కోత కోసినవాళ్ళ కూలి బిగబడితే ఆ మొర దేవుని చెవికి చేరుతుందని యాకోబు 5లో ఉంది.

మీరు ఆరాధన మానేశారని అనుకోవద్దు. రాత్రి వంటయ్యాక పొయ్యి దగ్గర నలుగురు కూర్చుని వచ్చిన పాటే పాడండి, చదువు వచ్చినవాళ్ళు ఒక అధ్యాయం చదవండి. పక్క గుడిసెవాళ్ళు వేరే ఊరివాళ్ళు అయితే వాళ్ళనూ పిలవండి.

పిల్లల సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నా, వాళ్ళను కోతకు తీసుకుపోవద్దు. వలస పోయే కుటుంబాల పిల్లల కోసం మీ జిల్లాలో సీజనల్ హాస్టళ్ళు పెడుతున్నారు. డిసెంబరులోనే హెడ్మాస్టరు గారిని కలిసి పేర్లు ఇవ్వండి. అక్కడ సీటు దొరక్కపోతే అవ్వ దగ్గర వదలండి. అవ్వ కూడా లేకపోతే సంఘంలో ఉండిపోయే రెండు మూడు ఇళ్ళవాళ్ళు తలా ఒక పిల్లను చూసుకోలేరా? అయ్యగారు మీరు పోయేముందే పీఠం మీద నుంచి ఈ ఒక్క మాట అడిగితే ఇళ్ళు దొరుకుతాయి. పిల్లల ఖర్చుకు బియ్యం మీరు ముందే ఇచ్చి పోండి, అప్పుడు ఎవరికీ భారం ఉండదు.

బయల్దేరే ముందు మీరు పోయే ఊరి పేరు, మేస్త్రీ ఫోన్ నంబరు అయ్యగారికి రాసివ్వండి. గుంటూరు చుట్టుపక్కల చర్చి లేని ఊరు అరుదు. అక్కడి పాస్టరు గారికి ఆయనే ఫోన్ చేసి, మా వాళ్ళు ఫలానా చేనుకు వచ్చారు, సాయంత్రం ఒకసారి పోయి కలవండి అని చెప్పాలి.