మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడే

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. కూర్చుని చేసే ఉద్యోగం. ఆరు వారాల్లో ఎనిమిది రోజుల ట్రెక్కింగ్‌కు వెళ్తున్నాను. ఎవరి సామాను వాళ్లే మోసుకోవాలి. రోజూ గంటసేపు ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నాను, పెద్దగా ఆయాసం రావడం లేదు. బూట్లు ఆరేళ్ల కిందట కొన్నవి. అట్టపెట్టె దాటి బయటికి వచ్చింది తక్కువ, ఇంకా కొత్తవాటిలాగే ఉన్నాయి. మిగతా సామానంతా ఈమధ్యే కొన్నాను. వెళ్లే ముందు నిండు సంచితో ఒకసారి కొండ ఎక్కి దిగి చూడమని తోటివాళ్లు అంటున్నారు. అసలు ప్రయాణానికి దాచుకోవలసిన ఓపికను ముందే ఖర్చు చేయడం దండగ కాదా?

జవాబు: దండగ కాదు. తోటివాళ్ల ముందు సత్తా చాటుకోవడానికి వెళ్తే మాత్రం దండగే. ఏది తెగుతుందో, ఏది ఒరుసుకుంటుందో, ఏది అనవసరంగా మోస్తున్నారో కనిపెట్టడానికి వెళ్లండి. సాయంత్రానికి ఇల్లు చేరే నడకలో సంచి పట్టీ తెగితే కాసేపు విసుక్కుంటారు. నాలుగో రోజున, ముందుకీ వెనక్కీ దారి లేని చోట తెగితే ఏం చేస్తారు?

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది మీ వయసు కాదు, ఆ బూట్లు. చాలా ట్రెక్కింగ్ బూట్లలో అడుగు రబ్బరుకూ పైభాగానికీ మధ్య పాలీయురేథేన్‌తో చేసిన మెత్తని పొర ఉంటుంది. గాలిలోని తేమ ఏళ్ల తరబడి దాన్ని లోలోపల గుల్ల చేస్తూ ఉంటుంది. వాడినా వాడకపోయినా ఆ పని ఆగదు. ఒకసారి మా బృందంలో ఒకాయన రాయి మీది నుంచి కాలు తీశారు. బూటు కాలితో వచ్చింది, అడుగు రాయి మీదే ఉండిపోయింది. పైన తోలు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. తాడుతో కట్టుకుని, అది జారినప్పుడల్లా కూర్చుని మళ్లీ బిగించుకుంటూ దిగారాయన. మీరు ఇవాళే ఆ పొరను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. పగుళ్లు కనిపించినా, పొడి రాలినా వాటి మీద ఆశ వదులుకోండి. ఏమీ కనిపించకపోతే ఈ వారమే దగ్గరి దారిలో వాటితో నడవండి. కొత్తవి కొని కాళ్లకు అలవాటు చేసుకునే వ్యవధి ఉండగానే సంగతి తేలిపోవాలి.

ఇక ట్రెడ్‌మిల్. గుండెకూ ఊపిరికీ అది మంచిదే, మానకండి. అయితే అది మిమ్మల్ని దింపదు. దిగేటప్పుడు తొడ ముందుభాగం కండరాలు సాగుతూనే ఒంటి బరువునూ సంచి బరువునూ ఆపుకోవాలి. అలవాటు లేని కండరాలకు ఇది కొత్త శిక్ష. నొప్పి ఆ రోజు అంతగా తెలియదు, మర్నాటికో మూడో నాటికో ముదురుతుంది. అందుకే ఒక్కరోజు నడిచి "భేష్, ఏమీ కాలేదు" అనుకునేవాళ్ల మాట నేను నమ్మను. వరసగా రెండు రోజులు నడవండి. రెండో ఉదయం నొప్పి కాళ్లతో సంచి ఎత్తుకున్నప్పుడు మీ గురించి మీకు తెలిసేది ట్రెడ్‌మిల్ మీద ఎన్ని నెలలు నడిచినా తెలియదు. ఇందులో ఒక లాభం కూడా ఉంది. ఇలా ఒకసారి దెబ్బతిని కోలుకున్న కండరాలు తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొప్పి పెట్టవు. మీరు దండగ అంటున్న ఓపిక అక్కడ జమ అవుతుంది.

కాబట్టి రెండో వారంలో సగం బరువుతో ఒక రోజు, నాలుగో వారంలో నిండు బరువుతో వరసగా రెండు రోజులు నడవండి. చివరి రెండు వారాలు తేలిక నడకలు చాలు. సంచి మొత్తం మీ బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోండి. మొదటిసారి బరువు కోసం నీళ్ల సీసాలు పెట్టుకోవచ్చు. లీటరు నీళ్లంటే కిలో. మోకాళ్లు మొరాయిస్తే పైన పారబోసి దిగవచ్చు. రెండోసారి ఆ వెసులుబాటు వద్దు, నిజంగా తీసుకెళ్లే సామానే మోయండి. బరువులో ఎక్కువ భాగం నడుము పట్టీ మీద పడాలి. భుజాలు లాగుతున్నాయంటే ముందు ఆ పట్టీని తుంటి ఎముకల మీదికి తెచ్చి బిగించండి.

గడియారం చూసుకోవడం మరవకండి. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన లెక్క ఒకటి ఇప్పటికీ పనికొస్తోంది. సుమారుగా ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. 600 మీటర్ల ఎత్తు ఎక్కే 12 కిలోమీటర్ల దారికి ఆ ప్రకారం 3 గంటల 24 నిమిషాలు. మీకు అయిదు గంటలు పట్టిందనుకోండి, సిగ్గుపడనక్కర్లేదు, ఆయన లెక్కలో విశ్రాంతి లేదు. మీది దాదాపు ఒకటిన్నర రెట్లని తేలింది, అంతే. ఎనిమిది రోజుల దారికీ రోజువారీగా ఇదే లెక్క వేసి చూడండి. ఏ రోజు చీకటి పడేలోగా చేరలేరో ఇంట్లో కూర్చునే తెలుస్తుంది.

పాదాల విషయంలో మొహమాటపడకండి. మడమ దగ్గర చురుక్కుమన్న క్షణంలోనే, ముందు వెళ్తున్నవాళ్లను ఆపి అయినా సరే, బూటు విప్పి అక్కడ టేపు వేయండి. మరో అరగంట ఓర్చుకుంటే అది బొబ్బ అవుతుంది. దిగుడు మొదలయ్యే ముందు చీలమండ దగ్గర లేసు బిగించుకోండి. అయినా వేళ్లు బూటు ముందుకు గుద్దుకుంటుంటే సైజు చాలడం లేదన్నమాట. నడిచేకొద్దీ పాదం కొంత ఉబ్బుతుంది కూడా.

ఆ రోజు వాన పడితే, ఉరుములు లేకపోతే, సంతోషంగా వెళ్లండి. సంచి మీద కప్పే తొడుగు ఉన్నా నీళ్లు వీపు వైపు నుంచి లోపలికి దిగుతాయి. పొడి బట్టలను లోపల ప్లాస్టిక్ సంచిలో కట్టాలని వాన ఒక్క గంటలో నేర్పుతుంది. గుడారం చీకట్లో, హెడ్‌ల్యాంప్ వెలుగులో ఒకసారి వేసి చూడండి. తిరిగి వచ్చాక సామానంతా నేల మీద పరిచి, ముట్టుకోనివన్నీ పక్కన పెట్టండి. మందుల పెట్టె, వాన కోటు, దీపం, నీళ్లు శుభ్రం చేసే సాధనం మాత్రం ముట్టుకోకపోయినా తిరిగి సంచిలోకే వెళ్లాలి.

రెండు తొడలూ సమానంగా నొప్పి పెడితే అది కండరాల బడలిక. ఒకే మోకాలు వాచినా, దిగిన ప్రతిసారీ ఒకే చోట పొడిచినట్టు ఉన్నా వైద్యుడికి చూపించండి. పట్టీ చుట్టుకుని సరిపెట్టుకోకండి.

ప్రశ్న: మా ఊరి కొండ మీద ప్రాక్టీసు నడక ఏ అలసటా లేకుండా పూర్తి చేశాను. అసలు ట్రెక్కింగ్ 4,000 మీటర్ల ఎత్తు దాటుతుంది. ఇక భయం లేనట్టేనా?

జవాబు: కాళ్ల గురించి భయం లేదు. ఎత్తు మాట వేరు. చిన్న కొండ మీద దాన్ని పరీక్షించడం సాధ్యం కాదు, దేహదారుఢ్యం దాని నుంచి కాపాడదు. పైగా బలమున్నవాళ్లు తొందరగా పైకి వెళ్లిపోయి ఇబ్బంది కొనితెచ్చుకుంటారు. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందురోజు కంటే 500 మీటర్లకు మించి పైన ఉండకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెరగకుండా ఆగాలి. మీ ప్రణాళికలో ఆ విరామం లేకపోతే ఇప్పుడే చేర్చమని నిర్వాహకులను అడగండి. తలనొప్పితోపాటు వికారం మొదలైతే, తగ్గేదాకా పైకి కదలవద్దు. నడక తూలినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగాలి, రాత్రయినా సరే, ఒంటరిగా మాత్రం కాదు.