ఇంగ్లీషులో చిన్న మాటలతోనే అసలు చిక్కు

ఒక్కో ఇంగ్లీషు పదానికి ఇన్నేసి అర్థాలుంటే వాటన్నిటినీ గుర్తుపెట్టుకోవడం ఎలా అని అడిగారు. గుర్తుపెట్టుకోవద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు సంపాదకులు 2011లో చెప్పిన లెక్క ప్రకారం రన్ అనే ఒక్క క్రియకే 645 అర్థాలు. ఇంగ్లీషే మాతృభాషగా పెరిగినవాళ్లు కూడా వాటిని వరసగా అప్పజెప్పలేరు. వాళ్లకు అక్కర్లేని జాబితా మీకెందుకు?

విదేశాల్లో ఉద్యోగానికి వెళ్లాలనుకునే నర్సులకు నేను ఇంగ్లీషు సంభాషణ నేర్పుతుంటాను. వాళ్లు రాసే ఓఈటీ, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్లకు పెట్టే ఇంగ్లీషు పరీక్షలో, మాట్లాడే భాగం ఉంటుంది. అందులో రెండు సన్నివేశాలు, ఒక్కోటి సుమారు 5 నిమిషాలు. అభ్యర్థి నర్సుగానే మాట్లాడాలి, ఎదుటివారు రోగిగానో, రోగి తాలూకు మనిషిగానో మాట్లాడతారు. ఒకరోజు సాధనలో రోగి పాత్ర నాది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి బాగా చదువుకున్నది. వాంతులకు, వికారానికి, స్పృహ తప్పడానికి పుస్తకాల్లో ఉండే వైద్య పదాలన్నీ ఆమెకు కంఠతా వచ్చు.

నేను కడుపు పట్టుకుని నా బాధ ఇంగ్లీషులో చెప్పాను. పొద్దున పాస్ అవుట్ అయ్యాను, కాసేపటికి కమ్ రౌండ్ అయ్యాను, అప్పటినుంచి త్రో అప్ చేస్తూనే ఉన్నాను, ఏదీ కీప్ డౌన్ చేయలేకపోతున్నాను. ఆమె కలం కాగితం మీదే ఆగిపోయింది. మనవాళ్ల వాడుకలో పాస్ అవుట్ అంటే చదువు పూర్తి చేసుకుని కాలేజీ నుంచి బయటికి రావడం. త్రో అంటే విసరడం. రోగి పొద్దున్నే డిగ్రీ పుచ్చుకుని దేన్నో పైకి విసురుతున్నాడని ఆమె ఎలా రాసుకుంటుంది? నేను అన్న వాటిలో ఆమెకు తెలియని పదం ఒక్కటీ లేదు. అన్నీ చిన్న తరగతుల్లో నేర్చుకున్నవే. నేను చెప్పిందల్లా పొద్దున స్పృహ తప్పింది, కాసేపటికి తెలివొచ్చింది, అప్పటినుంచి వాంతులవుతున్నాయి అనే.

అర్థం చెప్పేయకుండా, చెయ్యి కడుపు మీద పెట్టి గొంతు దాకా పైకి జరిపాను. అది అప్. మళ్లీ గొంతు నుంచి కడుపులోకి దించి అక్కడే అదిమి పట్టుకున్నాను. అది డౌన్. నేను చెయ్యి తీయకముందే ఆమె తెలుగులో అందుకుంది: "తిన్నది కడుపులో ఇమడడం లేదా సార్?" ఆ వెంటనే ఇంగ్లీషులోకి మారి, కనీసం నీళ్లయినా కీప్ డౌన్ చేయగలుగుతున్నారా అని అడిగింది. మంచి నర్సు అడగవలసిన ప్రశ్న అదే. ఆ పదబంధం ఆమెకు ఇక జన్మలో మరుపు రాదు.

రోగి నోట పుస్తకాల మాట కాక ఇలాంటి చిన్న మాటలే రావడానికి చరిత్రలో కారణం ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల భాష ఫ్రెంచి అయింది, చదువుల భాషగా లాటిన్ కొనసాగింది. శాస్త్రాల్లో వాడే బరువైన మాటలు ఎక్కువగా ఆ రెండు దారుల్లోనే వచ్చాయి. ఇంట్లో, పొలంలో మాట్లాడుకునేవాళ్ల దగ్గర కమ్, కీప్, త్రో, అప్, డౌన్ వంటి పాత మాటలు నిలిచిపోయాయి. పాస్, రౌండ్ ఫ్రెంచి నుంచి వచ్చినవే, కానీ జనం నోట నలిగి అవీ ఇంటి మాటలైపోయాయి. నొప్పితో ఉన్న మనిషి, కోపంలో ఉన్న మనిషి, పసిపిల్లలతో మాట్లాడే మనిషి ఇంటి మాటే మాట్లాడతారు. మనం పుస్తకాల్లో చదివేది మాత్రం ఇంకోటి.

అందుకే నెల రోజుల్లో వెయ్యి పదాలు నేర్పుతామనే పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట. ఎడమవైపు ఒక ఇంగ్లీషు పదం, కుడివైపు ఒక తెలుగు పదం, మధ్యలో గీత. వాయిదా వేయడానికి ప్రొక్రాస్టినేట్ అనే నోరు తిరగని మాట నేర్పుతారు. అందరూ రోజూ వాడే పుట్ ఆఫ్ మాత్రం ఏ పేజీలోనూ కనిపించదు. అది తేలికని వాళ్ల నమ్మకం. తేలిక కానే కాదు. సి.కె. ఆగ్డెన్ అనే పండితుడు 1930లో 850 పదాలతో బేసిక్ ఇంగ్లీష్ అనే పద్ధతి తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే. గెట్, పుట్, గో, టేక్ వంటి వాటి పక్కన అప్, అవుట్, ఆఫ్ చేర్చి మిగతా క్రియల పనంతా వాటితోనే చేయించాడు. పదాలు తగ్గాయి, కష్టం తగ్గలేదు. తగ్గిన పదాల బరువంతా మిగిలినవాటి నెత్తిన పడింది.

నిజానికి మనకూ ఇది కొత్త కాదు. నిద్ర పట్టింది, చెమట పట్టింది, తుప్పు పట్టింది, గంటసేపు పట్టింది. పట్టడానికి ఎన్ని అర్థాలని మనం ఎప్పుడైనా లెక్కపెట్టామా? పక్కన ఏ మాట ఉందో దాన్నిబట్టి అర్థం దానంతటదే తెలుస్తుంది. ఇంగ్లీషులోనూ చూడవలసింది ఆ పక్క మాటనే. దీపం గో అవుట్ అవుతుంది, మంటను పుట్ అవుట్ చేస్తారు, మనిషి పాస్ అవుట్ అవుతాడు. మూడింటిలోనూ వెలుగుతున్నది ఆరిపోతోంది. అవుట్‌కు ఇంకో ముఖం కూడా ఉంది. ఫైండ్ అవుట్, ఫిగర్ అవుట్ అన్నప్పుడు దాగినది బయటపడుతుంది. ఈ రెండు ముఖాలూ పట్టుబడితే కొత్తగా వినబడేవాటిలో సగం మీరే ఊహించగలరు. మిగతా సగం వాక్యంతో పాటు నేర్చుకోవలసిందే, వేరే దారి లేదు.

కాబట్టి గెట్, పుట్, టేక్, కమ్, గో అనే ఐదింటితో మొదలుపెట్టండి. నోటుబుక్కులో పదం ఒక్కటే రాయకండి, విన్న వాక్యం మొత్తం రాయండి, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారో పక్కన రాయండి. సమావేశాన్ని పుట్ ఆఫ్ చేశారంటే వాయిదా వేశారని. ఆ వాసన నన్ను పుట్ ఆఫ్ చేసిందంటే తినబుద్ధి కాలేదని. ఈ రెండు వాక్యాలూ ఒకే పేజీలో ఉండాలి. రన్ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి, ఆ ఐదూ నోట నలిగాక చూడండి.