నీ చొక్కా ఇంకా కత్తిరించలేదు

కర్నూలు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న కొలతలు తీసుకునేటప్పుడు నలుగురూ ఉన్నారని ఏమీ అనలేదు. నువ్వు బెంగళూరు బస్సెక్కాక పాత కొలతల పుస్తకం తీసి చూశాను. ఛాతీ అంతే, నడుమూ అంతే. వీపు అడ్డం మాత్రం ముప్పావు అంగుళం పెరిగింది. నీ ఒంటి మీది చొక్కా వెనక అంచు పైకి లేచి ఉంది, ముందు అంచు కిందికి వేలాడుతోంది. అది కుట్టులో లోపం కాదు నాయనా. మెడ ముందుకొచ్చింది, భుజాలు లోపలికి ముడుచుకున్నాయి.

ఇది నేను పడిన బాధే. కొండారెడ్డి బురుజు దగ్గర మిషను మీద వంగీ వంగీ, నలభై అయిదేళ్లకే కత్తెర పట్టుకుంటే చెయ్యి తిమ్మిరెక్కేది. ఎవరో చెప్పారని మంగలి షాపులో మెడ విరిపించుకున్నాను. నాలుగు రోజులు తల తిప్పలేకపోయాను. ఆ పని నువ్వు ఎప్పటికీ చేయొద్దు, మెడలో మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు ఉంటాయి. చివరికి ఒక ఫిజియోథెరపీ మేడమ్ దగ్గర కుదిరింది.

ఆమె చెప్పింది ఇదీ. తల బరువు 5 కిలోల దాకా ఉంటుంది. 5 కిలోల సోనామసూరి సంచిని రొమ్ముకు ఆనించి పట్టుకో, తర్వాత చెయ్యి చాచి పట్టుకో, తేడా నీకే తెలుస్తుంది. తల 60 డిగ్రీలు వంచి ఫోన్ చూస్తే మెడ మీద 27 కిలోల దాకా భారం పడుతుందని అమెరికాలో ఒక వెన్నెముక సర్జన్ 2014లో లెక్కగట్టారు. ఆ భారం మోసి మోసి వెనక కండరాలు అలిసిపోతాయి, ముందు వైపు లోతుగా ఉండే చిన్న కండరాలు పని మానేస్తాయి. నువ్వేమో మెడ వెనక నొప్పి ఉన్నచోట బామ్ రాసుకుంటున్నావు. బలం రావాల్సింది ముందు వైపు.

పొద్దున లేవగానే గోడకు వీపు ఆనించి నిలబడు, మడమలు గోడకు బెత్తెడు దూరంలో పెట్టు. చూపు ఎదురుగా ఉంచి, గడ్డాన్ని తిన్నగా వెనక్కి జరుపు, సొరుగు లోపలికి తోసినట్టు. గడ్డం పైకి లేవకూడదు, రొమ్ము మీదికి వాలకూడదు. గడ్డం ముందు వేలు పెట్టుకుంటే, వేలు కదలకుండా గడ్డం దాన్నుంచి దూరంగా పోవాలి. గొంతు కింద మడత పడితే సరిగ్గా చేస్తున్నట్టే. అయిదు సెకన్లు, పదిసార్లు, పొద్దునా సాయంత్రం. అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి మొదటి వారం అద్దంలో పక్క నుంచి చూసుకో.

రెండు వారాల తర్వాత గట్టి నేల మీద చాప పరుచుకుని, దిండు లేకుండా వెల్లకిలా పడుకో. గడ్డం అలాగే లోపలికి లాగి, తలను ఒక్క వేలి మందం ఎత్తు. అయిదు సెకన్లు చాలు. మెడ పక్కన తాళ్లలాంటి కండరాలు ఉబ్బి, గడ్డం ముందుకు పొడుచుకొస్తే దించేయ్. ఆ పని చెయ్యాల్సినవి అవి కావు.

తర్వాత అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా మెల్లగా తోసుకో. వెనకా, రెండు పక్కలా అంతే. ఊపిరి బిగపట్టొద్దు. భుజాల కోసం గుమ్మానికి రెండు వైపులా మోచేతులు ఆనించి ఒక అడుగు ముందుకు వేసి అరనిమిషం నిలబడు, రొమ్ము కండరం సాగుతుంది. మెడను గిరగిరా తిప్పే వ్యాయామం మాత్రం వద్దు.

ల్యాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చి, తెర కంటి ఎత్తుకు వచ్చేలా పెట్టుకో. అలా పెడితే కీబోర్డు, మౌస్ వేరేవి కావాలి, కొనుక్కో. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యి.

చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా, నడకలో తూలుతున్నట్టు అనిపించినా ఇవన్నీ ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. నేను చెప్పినవి చేస్తే తగ్గుతుందిలే అని కూర్చోవద్దు.

నీ గుడ్డ తడిపి ఆరేసి మడతపెట్టాను. రెండు నెలలు చేసి రా. మళ్లీ కొలత తీసుకున్నాకే కత్తెర పెడతాను.

మీ పెదనాన్న