గుడ్డ పందిరి ఆకారాన్ని గీయాలా, రాబట్టాలా?

అమలాపురంలోని ఒక బడి ఆవరణకు నాలుగు స్తంభాల మీద బిగించే టెన్సైల్ పందిరిని (బిగువుగా లాగి కట్టే గుడ్డ పందిరిని) రైనో అనే త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో లాఫ్ట్‌తో (గీతల మధ్య ఉపరితలాన్ని పరిచే ఆదేశంతో) గీస్తే సరిపోదా అన్నది ప్రశ్న. సరిపోదు. గుడ్డ తన్యతను (లాగే బలాన్ని) మాత్రమే భరించి, సంపీడనానికి (నొక్కే బలానికి) ముడతలు పడుతుంది కనుక, మూలల స్థానాలను, గుడ్డ, అంచు కేబుళ్ల బిగువును మాత్రమే మనం నిర్ణయించగలం. ఆకారం వాటినుంచి తేలుతుంది. జర్మన్ ఆర్కిటెక్ట్ ఫ్రై ఒట్టో సబ్బునీటి పొరలతో చేసి చూసిన ఈ పనిని ఇప్పుడు రైనోలో భాగమైన గ్రాస్‌హాపర్‌లోని కంగారూ అనే భౌతిక అనుకరణ సాధనం చేస్తుంది.

ఒక జత ఎదురు మూలలను ఎత్తులో, మరో జతను దిగువన బిగించి, మధ్యలో మెష్ (గీతల వల) వేసి, దాని గీతలను స్ప్రింగులుగా మార్చి, వాటి సహజ నిడివిని (లాగనప్పటి నిడివిని) సున్నాకు దగ్గరగా తగ్గించండి. అంచు గీతలకు లోపలి వాటికన్నా ఎన్నో రెట్ల బిగువు ఇవ్వకపోతే అంచులు లోపలికి కుంగి, నీడ సగం పోతుంది. మూలల ఎత్తుల తేడాను స్లైడర్‌కు (విలువను జరిపి మార్చే మీటకు) కలిపి తగ్గిస్తూ చూడండి. పందిరి చదునై వాననీరు నిలిచే చోటు తెరమీదే తెలుస్తుంది. మన వానలకు ఈ పరీక్ష తప్పనిసరి.

అయితే కంగారూ ఇలా చూపేది ఆకారమే, భద్రత కాదు. తుపాను గాలి పందిరిని పైకి లాగుతుంది. భూగర్భజలం పైపైనే ఉండే డెల్టా ఒండ్రుమట్టిలో పునాది బరువు మోయడంకన్నా పైకి లేవకుండా నిలవడమే కష్టం. గాలి భారాలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఆ గాలి లెక్కను స్ట్రక్చరల్ ఇంజనీరుతోనే వేయించండి.