52వ పేరు పిలిచిన తర్వాత

అమ్మాయీ,

బాస్కెట్‌బాల్ ఆటగాడు సత్నాం సింగ్ భమారా మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. చదివించే గుణం ఉంది నీ రాతలో. లేకుంటే ఇంత పొడుగు జాబు రాసేవాణ్ణి కాదు, "బాగుంది, ఇంకా రాయి" అని ఫోన్‌లో ఒక ముక్క పెట్టి ఊరుకునేవాణ్ణి.

2015 జూన్ 25 రాత్రితో వ్యాసం ముగించావు. బ్రూక్లిన్‌లో అమెరికా పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే తతంగం), డల్లాస్ మావరిక్స్ 52వ పేరుగా ఒక పంజాబీ కుర్రాణ్ణి పిలవడం, ఎన్‌బీఏ జట్టు ఎంచుకున్న తొలి భారతీయుడు అతనే కావడం, సంబరాలు. అక్కడ చుక్క పెట్టేశావు. పత్రికలు కూడా అక్కడే ఆగాయి తల్లీ. వాళ్లకు మర్నాడు ఇంకో వార్త రాసే పని ఉంటుంది. నీకేం తొందర? ఆటగాడిగా అతని బతుకు మొదలైంది ఆ మర్నాడే. నేను చెప్పాలనుకున్నది ఇంతే, తక్కినదంతా దీనికి వివరం.

మన చదువరికి ఏం తెలుసో ముందు ఆలోచించు. అనంతపురంలో నాదల్ పేరు పెట్టిన టెన్నిస్ బడి ఉంది. ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానాల్లో పిల్లలు ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్ ఆడతారు. డ్రాఫ్ట్ సంగతి మాత్రం చాలామందికి తెలీదు. ఐపీఎల్ వేలం లాంటిది కాబోలు, పేరు పిలిచారంటే కోట్లు వచ్చి పడ్డట్టే అనుకుంటారు. నీ వ్యాసం చదివాక కూడా అలాగే అనుకుంటారు. అసలు సంగతి ఇది: రెండు రౌండ్లు, మొత్తం 60 పేర్లు. మొదటి రౌండులో వచ్చినవాడికి గ్యారంటీ కాంట్రాక్టు ఉంటుంది. రెండో రౌండువాడి మీద జట్టుకు హక్కు ఉంటుంది గానీ, అతని జీతానికి హామీ ఉండదు. ఆ ఏడాది ఎన్‌బీఏలో కొత్త ఆటగాడి కనీస జీతం సుమారు 5 లక్షల 25 వేల డాలర్లు. సత్నాం వెళ్లింది దాని కింది మెట్టు, అప్పటి డి-లీగ్‌లో టెక్సస్ లెజెండ్స్ జట్టుకు. అక్కడ సీజన్ మొత్తానికి ఇచ్చేది 13 వేల నుంచి 26 వేల డాలర్ల లోపు. కోర్టు మీదకంటే బెంచి మీదే ఎక్కువసేపు ఉన్నాడు. ఎన్‌బీఏ సీజన్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఆ రెండు జీతాలూ పక్కపక్కన రాసి వదిలెయ్. "దురదృష్టవశాత్తు" అని నువ్వు మధ్యలో దూరి చెప్పక్కర్లేదు.

మరి ఎందుకు ఆడలేదు? అవకాశం ఇవ్వలేదని ఒక్క మాటతో తప్పించుకోకు. 7 అడుగుల 2 అంగుళాల మనిషి, 130 కిలోల బరువు. సరిగ్గా ఆట తన రూపు మార్చుకుంటున్న కాలంలో వెళ్లాడు. అదే జూన్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ దూరం నుంచి త్రీలు (ఒక్కో బుట్టకు మూడు పాయింట్ల షాట్లు) వేసి కప్పు కొట్టింది. ఎన్‌బీఏలో త్రీ గీత ఎదురుగా 7.24 మీటర్ల దూరంలో ఉంటుంది. అంతదూరం బయటికొచ్చి షూటర్‌ను అడ్డుకుని, మళ్లీ రింగు కిందికి పరుగెత్తి రాగల పొడగరి కావాలి వాళ్లకు. రింగు కింద పాతుకుని నిలబడే సెంటర్‌కు గిరాకీ పడిపోయింది. ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఆ పొడుగుకే ఒక చోటు దొరికేదేమో. ఇది నా ఊహ. ఊహను ఊహ అని చెప్పి రాస్తే తప్పులేదు.

2010లో, పద్నాలుగేళ్ల వయసులో, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన పిల్లవాడు ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీ అనే ఆటల బడికి వెళ్లాడు. ఆ అయిదేళ్లను నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. నీ వ్యాసంలో నాకు అన్నిటికంటే ఎక్కువ వెలితి అనిపించింది అక్కడే. తరగతిలో ఏం అర్థమైంది, ఏం తిన్నాడు, ఇంటికి ఫోన్ చేసి ఏం దాచాడు? అప్పట్లో వచ్చిన ఇంటర్వ్యూలు వెతుకు. దొరికిందే రాయి, దొరకనిచోట కన్నీళ్లు కల్పించకు.

తర్వాత కెనడా లీగ్ ఉంది. 2018-19లో సెయింట్ జాన్స్ ఎడ్జ్ అనే జట్టుకు ఆడాడు. అట్లాంటిక్‌లో న్యూఫౌండ్‌లాండ్ దీవి మీద ఉంటుంది ఆ ఊరు, మ్యాప్ తీసి చూడు. 2020 డిసెంబరులో డోపింగ్ కేసులో మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా ప్యానెల్ రెండేళ్ల నిషేధం వేసింది. ఆ తర్వాత అమెరికాలో ఏఈడబ్ల్యూ రెజ్లింగ్‌లో చేరాడు. నిషేధం సంగతి నీకు తెలిసే వదిలేశావని నా అనుమానం. అభిమానం కొద్దీ వదిలేసి ఉంటావు. రాయి. రెండు వాక్యాలు చాలు, తేదీతో, తీర్పుతో. దాచినట్టు కనిపిస్తే నువ్వు మెచ్చుకున్న చోట కూడా చదువరి నమ్మడు.

ఇంకో తగాదా ఉంది నీతో. సత్నాం తండ్రిని ఎండిన చేను గట్టున ఆకాశం చూస్తూ నిలబెట్టావు. ఆ నిలబడినాయన మన సెనక్కాయల రైతమ్మా! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే మన జిల్లా రైతును తీసుకెళ్లి, కాలువలూ బోర్లూ ఉన్న పంజాబ్ గోధుమ చేలో పెట్టావు. ఆ ఇంటి కష్టం వేరు. తండ్రి కూడా పొడగరే, సేద్యం కోసం ఆ తండ్రిని చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఆటకు పంపలేదట. కథ అక్కడుంది, వాన దగ్గర లేదు.

ఒక సాయంత్రం ఏదైనా కాలేజీ కోర్టుకు వెళ్లి రింగు కింద నిలబడు. నేల నుంచి 10 అడుగులు. సత్నాం నిలబడితే తల పైన ఇంకా 2 అడుగుల 10 అంగుళాలు మిగులుతుంది. ఆడే పిల్లలను పలకరించి, పొడుగువాణ్ణి త్రీ గీత దాకా ఎలా లాగుతారో చూపించమను. పైన నేను సెంటర్ గురించి చెప్పింది అప్పుడు నీ మాటల్లో వస్తుంది. నా మాటలు ఎత్తి రాసుకోవద్దు, గుర్తుపడతాను.

ఇది తిరగరాశాక ఇతని మీదే ఉండిపోకు. అమృత్‌పాల్ సింగ్ అని ఇంకొకడున్నాడు. కబడ్డీ ఆడుతూ ఆలస్యంగా బాస్కెట్‌బాల్‌కు వచ్చి, 2017-18లో సిడ్నీ కింగ్స్ తరఫున ఆస్ట్రేలియా పెద్ద లీగ్‌లో ఆడాడు. అతనికి ఇంత పేరు రాలేదు. వీళ్లందరికంటే ముందే కేరళ అమ్మాయి గీతూ అన్నా జోస్, మెల్‌బోర్న్‌లోని రింగ్‌వుడ్ హాక్స్‌కు ఆడింది. రైల్వేలో ఉద్యోగం ఉన్న మనిషి. 2011లో అమెరికా మహిళల లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ జట్లు ట్రయల్స్‌కు పిలిచాయి. మనదేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను పోషించింది ఎక్కువగా రైల్వే, ఓఎన్‌జీసీ లాంటి సంస్థల కొలువులే. నెల జీతం వచ్చే కొలువు ఒకపక్క, సీజన్ అయితే ముగిసిపోయే విదేశీ కాంట్రాక్టు ఇంకోపక్క. ఏది పట్టుకోవాలో తేల్చుకోవడం ఆడపిల్లకు ఇంట్లో ఎంత రచ్చ తెస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు. నీ తర్వాతి వ్యాసం ఆమె మీద రాయమంటాను.

ముందు ఇది పూర్తి చెయ్యి. డ్రాఫ్ట్ రాత్రిని పదిహేను వాక్యాలకు కుదించు, ఫ్లోరిడాకు రెండు పేజీలివ్వు. ఈసారి ఫొటోలు తీసి పంపకు, నా కళ్లకు ఆనవు. టైప్ చేసి పంపు, లేదా ఆదివారం పొద్దున ఇంటికి తీసుకురా. మీ అత్తమ్మ నిన్ను చూసి చాన్నాళ్లయిందంటోంది.

ఇట్లు,
నీ మామయ్య
అనంతపురం